చుట్ట దగ్గు

నేను ఒక ఉమ్మి డబ్బాను. అదిగో, అప్పుడే ముఖం తిప్పుకున్నారు. తిప్పుకోండి తల్లీ, నాకిది కొత్త కాదు. నన్ను చేత పట్టుకున్నవాళ్ళలో నూటికి తొంభై మంది పక్కకి చూస్తూనే పట్టుకున్నారు. అయినా ముఖం అటు తిప్పితే చెవి ఇటు తిరుగుతుంది కదా. వినండి.

అరచేతిలో ఇమిడేంత సత్తు డబ్బాను నేను. తిప్పి బిగించే మూత ఒకటి ఉంది నాకు. గోదావరి ఒడ్డున ఒక సందులో పాత గిన్నెలూ, చిల్లిపడ్డ చెంబులూ కరిగించి రేకులు తీసేవారు. ఆ రేకుని గిరగిర తిరిగే యంత్రానికి బిగించి, ఒక ముసలి పనివాడు కర్రతో నొక్కి నొక్కి నాకు ఈ రూపం తెచ్చాడు. అంటే చూడండి, నేను నేనుగా పుట్టకముందే ఎన్ని ఇళ్ళలో అన్నం వండి ఉంటానో! నాతో పుట్టినవాళ్ళలో కొందరు పోపు డబ్బాలయ్యారు. ఒకరిద్దరు టీ పొడి దాచుకున్నారు. ఒక చెల్లెలు కుంకుమ భరిణె అయి ఎవరింటి దేవుడి గూట్లోనో కూర్చుందని విన్నాను. మా డజను మందిని మాత్రం గడ్డి పరిచిన పెట్టెలో సర్ది క్షయ ఆసుపత్రికి పంపారు. నేనేమీ బాధపడలేదు. పోపుల్లో పడితే ఆవాల సంగతే తెలిసేది. ఇక్కడ మనుషుల సంగతి తెలిసింది.

నా పని చిన్నది. దగ్గు వదలని మనిషికి సాయంత్రం నన్ను ఇస్తారు. తెల్లారి లేచాక, నోరు కడుక్కోకముందు, గుండె లోతునుంచి దగ్గి నాలో ఉమ్మాలి. నోటి నీళ్ళు కాదు, నురగ కాదు, ఊపిరితిత్తుల్లోంచి వచ్చే కఫం. మూత బిగించి తిరిగి ఇస్తే, దాన్ని గాజు పలక మీద పూసి, రంగులు పోసి, కంటికానని వాటిని పెద్దగా చూపే దుర్భిణిలో చూస్తారు. క్షయ పురుగు ఉంటే కనపడుతుంది. ఆ తరవాత నన్ను సలసల కాగే నీళ్ళలో అరగంట ముంచి తీస్తారు. అన్ని స్నానాలు చేసినా మమ్మల్ని చూసి ముక్కు మూసుకునే లోకం ఇది. ఒక బట్టల షావుకారు నన్ను పట్టు గుడ్డలో చుట్టి, పైన రెండు మల్లెపూలు పెట్టి, ప్రసాదంలా మోసుకొచ్చేవాడు. దారిలో ఒకావిడ నిజంగానే ప్రసాదమనుకుని కళ్ళకద్దుకోవడానికి చెయ్యి చాపింది. ఆయన పడ్డ తొట్రుపాటు నాకింకా గుర్తే.

సరే, అసలు సంగతికి వస్తాను.

విశాఖపట్నం రేవుకి రంగం నుంచి ఓడలు వచ్చిన రోజులవి. రంగం అంటే రంగూను, మనవాళ్ళు అలాగే పిలిచేవారు. తాతల నాడు పొట్ట చేతపట్టుకుని బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళు, అక్కడ దుకాణాలు పోయి, పనులు పోయి, రేకు పెట్టెలతో తిరిగి వచ్చారు. తిరిగి వచ్చారని అంటున్నాను గానీ వాళ్ళలో సగం మంది ఈ నేల తొక్కడం అదే మొదలు. వాళ్ళకి ఊరి బయట రేకుల షెడ్లు వేశారు. ఒక్కో షెడ్డులో గోనెపట్టాలు అడ్డం కట్టి ఇరవై ఇళ్ళు. ఈ ఇంట్లో ఆవిడ నిట్టూరిస్తే పక్కింట్లో దీపం ఊగేది.

అలాంటి చోట ఒక్క ఊపిరితిత్తిలో పురుగు ఉన్నా ఎంతమందికి పాకుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అందుకని ఓడ దిగినవాళ్ళని దిగినట్టే పరీక్ష చేసేవారు. ఎక్స్‌రే యంత్రం ఉన్న పెద్ద బండి షెడ్ల ముందుకి వచ్చి ఆగేది. ఫోటో బండి అనేవారు దాన్ని. ఒక్కొక్కరే ఎక్కి, పలకకి ఎద ఆనించి నిలబడాలి. ఊపిరి పీల్చండి, బిగబట్టండి, వదలండి. అంతే. ఆ ఫోటోలో మచ్చ వచ్చినవాళ్ళ చేతికి నేను.

మమ్మల్ని ఇంటింటికీ మోసుకెళ్ళేది సువార్తమ్మ అనే నర్సమ్మ. కోనసీమ మనిషి. చేతిలో వెదురు బుట్ట, బుట్టలో మేము, సూదులు, మాత్రల సీసాలు. మందు రాయడం డాక్టరుగారి పని, అది గొంతు దిగిందో లేదో చూడడం తన పని అనేది. మాత్ర వేసుకున్నారా అని ఎవర్నీ అడిగేది కాదు. ఎదురుగా కూర్చుని, "ఊఁ, మింగు. నాలుక చూపించు" అనేది. పెద్ద మీసాలాయన కూడా ఆవిడ ముందు నాలుక చాపి కూర్చోవాల్సిందే.

మూడో షెడ్డులో దాలమ్మ ఇల్లు. ఆమెకి యాభై అయిదేళ్ళుంటాయి. కొడుకు తవుడు రేవులో బస్తాలు మోసేవాడు. కోడలు నూకరత్నం. నాలుగేళ్ళ మనవరాలు ముత్యాలు, ఓడలో అందరి ఒళ్ళూ తిరిగి వచ్చిన పిల్ల. దాలమ్మ నోట్లో చుట్ట లేని ఘడియ లేదు. అదీ అడ్డపొగ. నిప్పున్న కొస నోటి లోపల, చల్లటి కొస బయట. అలా పెట్టుకునే వండేది, పోట్లాడేది, పిల్లకి కథలు చెప్పేది. దగ్గేది కూడా. షెడ్డు ఈ చివర ఆమె దగ్గితే ఆ చివర కోళ్ళు లేచేవి. ఏమిటమ్మా ఆ దగ్గు అని ఎవరైనా అంటే, "సుట్ట దగ్గు బాబూ. మా యమ్మకీ ఉండీది, మా యమ్మకి యమ్మకీ ఉండీది. దగ్గు రాపోతే అది మంచి సుట్టే కాదు" అనేది. జనం నవ్వేవారు. నవ్వాక ఇంకెవరు అడుగుతారు?

ఫోటో బండి వచ్చిన రోజు నేను నర్సమ్మ బుట్టలో ఉన్నాను, అంతా చూశాను. పసిపిల్లలకి ఫోటో అక్కర్లేదన్నారు. మరి తల్లులు వరసలో నిలబడితే పిల్లల్ని ఎవరు చూస్తారు? దాలమ్మ ముందుకొచ్చింది. "మీరందరూ ఎల్లండే, గుంటల్ని నాను సూస్తాను" అని షెడ్డు నీడలో పదమూడు మంది పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుంది. రంగంలో ఏనుగు దుంగలు మోసిన కథ చెప్పింది, మధ్యమధ్య దగ్గింది. వరస సాగింది. పేర్ల కాగితంలో ఇంటికొక గీత కొట్టుకుంటూ పోయారు, తవుడు ఇంటికీ కొట్టారు. బండి వెళ్ళిపోయింది. దాలమ్మకి ఫోటో తియ్యలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆమెకీ తట్టలేదు. రోగం ఉన్నవాళ్ళకి కదా అవన్నీ, ఆమెది చుట్ట దగ్గు.

మచ్చ నూకరత్నం ఫోటోలో వచ్చింది. కఫంలో పురుగు కూడా కనపడింది. నా ఒంటికి కాగితం అతికించి, నర్సమ్మ పైకి చదువుతూ ఆమె పేరు రాసింది. నాకు చదువు రాదు, విని గుర్తుపెట్టుకోవడమే.

మచ్చ వచ్చినవాళ్ళని మళ్ళీ ఓడెక్కించేస్తారని షెడ్డంతా గుసగుసలు. నర్సమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని అందరికీ వినపడేలా చెప్పింది. "ఎవర్నీ ఎక్కడికీ పంపరమ్మా. ఇంట్లోనే ఉండి మందు తినొచ్చు. మూడు నెలలు రోజూ సూది, ఏడాదిన్నర మాత్రలు. ఒక్కటే మాట. వరసగా మూడు నెలలు కఫం శుభ్రంగా వచ్చేదాకా పిల్లని దగ్గరికి రానివ్వకు."

"పిల్ల ఎవుల కాడుంటాది మరి?" అంది నూకరత్నం.

"నానుండగా నీకేటే బెంగ?" అంది దాలమ్మ, చుట్ట తియ్యకుండానే.

షెడ్డు వెనక తాటాకు పందిరి వేసి నూకరత్నం చాప అక్కడ పరిచారు. ఆమె కంచం వేరు, చెంబు వేరు. ముత్యాలు మామ్మ పక్కలోకి మారింది. ఇక మామ్మ చంకలో, మామ్మ కంచంలో, మామ్మ కొంగు కింద. పిల్లని కాపాడుకుంటున్నామని అందరూ ధీమాగా ఉన్నారు. నాకైనా ఏం తెలుసు? నాలో ఉమ్మినవాళ్ళ సంగతే నాకు తెలుస్తుంది.

నెలలు గడిచాయి. నూకరత్నం ఒళ్ళు చేసింది. సూదులు పూర్తయ్యాయి. నాలుగో నెల కఫం శుభ్రం అన్నారు. అయిదో నెల కూడా శుభ్రం. ఇంకొక్క నెల. ఆ ఒక్క నెల కోసం ఆమె గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేది. పాత లుంగీ చింపి పిల్లకి గౌను కుట్టడం మొదలుపెట్టింది. కానీ ముత్యాలుకి బుద్ధి చెప్పినవాళ్ళు బాగా చెప్పారు. ఒకరోజు పందిరి పక్కనుంచి పోతున్న పిల్లని నూకరత్నం నవ్వుతూ పిలిస్తే, అది రెండు చేతులూ అడ్డం పెట్టి, "రాకు! నీకు పురుగులు!" అని అరిచి పారిపోయింది. ఆవేళ నూకరత్నం అన్నం తినలేదు.

ఆరో నెల వచ్చింది. ఇక్కడే వచ్చింది చిక్కు. రోగం తగ్గిన మనిషికి దగ్గు రాదు. దగ్గు రాకపోతే కఫం రాదు. కఫం ఇవ్వకపోతే తగ్గిందని రాయరు. మనుషులు పెట్టుకున్న పద్ధతులు చూస్తే నాకు నవ్వొస్తుంది. మొదటిసారి ఆమె ఇచ్చింది ఒట్టి నురగ. దుర్భిణి చూసే పంతులుగారు, ఇది నోటి నీళ్ళు, మళ్ళీ తెమ్మన్నారు. ఈసారీ అదే అయితే ఇంకో నెల ఆగాలి.

ఆ పొద్దున్న ఆమె పడ్డ పాట్లు ఎన్నని చెప్పను! వేణ్ణీళ్ళు తాగింది. ఆవిరి పట్టింది. కోక ఎగదోపి షెడ్డు చుట్టూ మూడుసార్లు పరుగెత్తింది. చూసినవాళ్ళు, "ఏటే నూకరత్నం, ఎవులైనా తరుముతున్నారేటి?" అని నవ్వారు. చివరికి ఖణేల్ ఖణేల్ మని పొడి దగ్గు దగ్గి, నాలో చెంచాడు నురగ ఉమ్మి, నన్ను రేకు పెట్టె మీద పెట్టి, బిందె పట్టుకుని కుళాయికి పోయింది.

దాలమ్మ వచ్చి మూత తీసింది.

"ఓలమ్మ, ఇదేటి! మజ్జిగ తేటలాగున్నాది. ఇది తీస్కోరు ఆల్లు" అంది తనలో తనే. ఒకసారి కుళాయి వైపు చూసింది. పిల్ల వైపు చూసింది. నోట్లోంచి చుట్ట తీసింది. పలచబడిన పులుసులో చేతికందిన బెల్లం ముక్క వేసే ఇల్లాలిలాగే, ఏ దురాలోచనా లేకుండా, గొంతు సవరించుకుని, ఎద అడుగునుంచి దగ్గి, నాలో నిండుగా ఉమ్మింది. కొంగుతో నా అంచు తుడిచింది. మూత బిగించింది. "నా కోడలు మంచిదని రాయండి బాబూ" అని నాకే చెప్పి, మళ్ళీ చుట్ట పెట్టుకుంది. నూకరత్నం బిందెతో వచ్చేసరికి నర్సమ్మ నన్ను తీసుకెళ్ళిపోయింది.

నా బతుకులో దొంగ ఉమ్ములు చాలా చూశాను. రోగం దాచుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న బావమరిది చేత ఉమ్మించుకున్న పెళ్ళికొడుకుని చూశాను. కానీ సాయం చేస్తున్నానని తన రోగాన్ని ఇంకొకరి పేరు మీద పంపిన మనిషిని అదే చూడడం.

మూడు రోజులకి నర్సమ్మ వచ్చింది. దూరాన్నించే పలకరించే మనిషి ఆవేళ దగ్గరికి వచ్చేదాకా మాట్లాడలేదు.

"పురుగులు కనపడ్డాయి నూకరత్నం. ఒకటీ రెండూ కాదు, కుప్పలు. నిజం చెప్పు. నేను రాని రోజుల్లో మాత్రలు మింగుతున్నావా, పారబోస్తున్నావా?"

"మింగినానమ్మా. ఒక్కటి కూడా పారబొయ్యలేదు."

తవుడు అప్పుడే రేవునుంచి వచ్చి భుజం మీది తువ్వాలు దులుపుకుంటున్నాడు. "కాలవలో ఒంపుంటాది. సేదు సేదు అని మొన్న అన్నాది గదా" అన్నాడు.

"సేదన్నాను. మింగనన్నానేటి?" అంది నూకరత్నం. ఆ ఒక్క మాటే గట్టిగా అంది.

మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ సూదులు, మళ్ళీ మూడు నెలలు. అంతవరకు పిల్ల మామ్మ దగ్గరే. రేపు పొద్దున్న ఇంకోసారి కఫం పంపమని నర్సమ్మ నన్ను అక్కడే ఉంచి వెళ్ళింది. నూకరత్నం ఏడవలేదు. పందిరి కిందకి పోయి, కుట్టడం పూర్తయిన గౌను మడత పెట్టి తెచ్చి, దూరంగా నేల మీద పెట్టి అంది. "అత్తా, ఇది నువ్వే తొడుగు. మూడు నెల్లాగితే సేతులు పట్టవు."

దాలమ్మ ఆ గౌను తీసుకోలేదు. ముత్యాలు ఒళ్ళో కూర్చుని గాజులు తిప్పుతుంటే ఆమె ఏదో లెక్క కట్టుకుంటోంది. అంతలో తొడ మీద ఠప్పున చరుచుకుంది. "మసి!" అంది. అంతకంటే ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మర్నాడు తెల్లవారగానే, కోడలు లేవకముందే, నాలో తనే ఉమ్మి, మూత బిగించి, బొడ్లో దోపుకుని బయలుదేరింది. ఆసుపత్రి అరుగు మీద జనం ఉన్నారు. ఆమె వరస చూసుకోలేదు. కిటికీ పక్కన దుర్భిణి ముందు కూర్చున్న పంతులుగారి బల్ల మీద నన్ను ఠంగుమని పెట్టింది.

"బాబూ, నీకు పున్నెముంటాది. మొన్న నువ్వు నా కోడలు డబ్బాలో సూసినయి పురుగులు కావు."

"మరేమిటమ్మా?"

"సుట్ట మసి."

"మీ కోడలు చుట్ట తాగుతుందా?"

"అదెందుకు తాగుతాది, నిప్పంటే బయం దానికి! నాను తాగుతాను."

పంతులుగారి కలం ఆగింది. "మీరు తాగితే ఆమె కఫంలోకి మసి ఎలా వచ్చింది?"

"ఆయమ్మి ఊసింది నురగే బాబూ. పలచగున్నాదని నానే కాస్త కలిపినాను. సిక్కటిది. అందులో నా సుట్ట మసుంటాది కదా, అది నీ అద్దంలో పురుగులాగ కనపడ్డాది. తప్పు నాది, దానికెందుకు మల్లీ సూదులు? ఇదిగో, ఇదీ నాదే. కావాలనే తెచ్చినాను. సూడు, మసే ఉంటాది."

తిట్టడానికి ఆయనకి అన్ని హక్కులూ ఉన్నాయి. తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "అరుగు మీద కూర్చోండమ్మా. కొంచెంసేపు పడుతుంది" అన్నాడు.

గాజు పలక మీద పూశాడు. ఆరబెట్టాడు. ఎర్ర రంగు పోసి కింద మంట చూపించాడు. కడిగాడు. నీలం పోశాడు. మళ్ళీ కడిగాడు. ఈలోపు దాలమ్మ అరుగు మీద జనానికి రంగం కబుర్లు చెబుతోంది. ఎవరికో కోడలి వంట బాగుంటుందని కూడా చెప్పింది. పంతులుగారు దుర్భిణి మీద వంగి చాలాసేపు లేవలేదు. తరవాత ఆమెని లోపలికి పిలిచాడు.

"రండమ్మా. ఒక కన్ను మూసి, ఇందులోంచి చూడండి."

ఆమెకి ఒక కన్ను మూయడం రాలేదు. రెండూ మూసేది. ఆయనే ఒక కంటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం కనపడుతోంది?"

"నీలం బాబూ. నీలం కోక పరిసినట్టున్నాది. దాని మీద... ఎర్ర దారం తునకలు. సిన్న సిన్నయి. ఎవులో కత్తిరించి సల్లినట్టు, ఎటు సూసినా అయ్యే."

"అవేనమ్మా పురుగులు."

"మసి కాదేటి?"

"మసి నల్లగా ఉంటుంది. ఇంత కడిగినా ఆ ఎరుపు వదలంది ఆ పురుగే. ఇది చుట్ట దగ్గు కాదు."

దాలమ్మ తల ఎత్తింది. ఆ బల్ల దగ్గర ఎంతమంది తలలెత్తడం చూశానో! అందరూ ఒకటే అడుగుతారు, నేను బతుకుతానా అని. ఆమె అది అడగలేదు.

"గుంట నా పక్కలో పడుకుంటాది బాబూ" అంది. "ఆర్నెల్ల బట్టీ."

పంతులుగారు సువార్తమ్మని కేకేశాడు. నన్ను కాగే నీళ్ళలో ముంచి తీశారు. నా వేడి ఆరకుండానే నర్సమ్మ నన్ను బుట్టలో వేసుకుని ఆమె వెంట నడిచింది. వెంట అని ఎందుకంటున్నానంటే, దాలమ్మ పక్కన నడవనివ్వలేదు. "నువ్వు దూరంగా రామ్మా" అంటూ నాలుగడుగులు ముందే పోయింది. దారిలో రెండుసార్లు దగ్గొచ్చింది. రెండుసార్లూ ఆగి, సముద్రం వైపు తిరిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

షెడ్డు ముందు ఆడుకుంటున్న ముత్యాలు మామ్మని చూసింది. చేతులు చాపుకుని పరుగెత్తుకొచ్చింది.

"రాకే! ఆగక్కడ!"

ఆ కేకకి కుళాయి దగ్గర బిందెల చప్పుడు కూడా ఆగిపోయింది. పిల్ల ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. మామ్మ దాన్ని ఒక్కనాడూ కసరలేదు మరి. దాలమ్మ వెనక్కి వెనక్కి నడిచి, నీళ్ళ పీపాకి వీపు తగిలాక ఆగింది.

"నూకరత్నం! ఓలే నూకరత్నం! గుంటని తీస్కో!"

పందిరి కిందనుంచి నూకరత్నం వచ్చింది. పిల్లకి పది అడుగుల దూరంలో, అలవాటైన గీత దగ్గర ఆగింది. "నాను ముట్టుకోకూడదు గదత్తా."

"పురుగులు నీయి కావే, నాయి! నీ డబ్బాలో ఊసింది నాను. మొన్నా నానే, ఇయ్యాలా నానే. నర్సమ్మ నడుగు."

నూకరత్నం నర్సమ్మ వైపు చూసింది. నర్సమ్మ అంది. "నిన్ను అనుమానించాను, తప్పు నాదమ్మా. నీ కఫం రెండు నెలలుగా శుభ్రం, ఒళ్ళూ చేశావు. డాక్టరుగారికి నేను చెప్పుకుంటాను. తీసుకో."

పిల్ల "పురుగులు! పురుగులు!" అంటూ మామ్మ వైపే ఉరకబోయింది. నూకరత్నం గీత దాటి వచ్చి ఎత్తుకుంది. ముత్యాలు తన్నింది, జుట్టు పీకింది, మెడ మీద రక్కింది. నూకరత్నం వదల్లేదు. ఊరుకోమ్మా అని కూడా అనలేదు, ఊరికే అటూ ఇటూ నడిచింది. ఎంతసేపు నడిచిందో! ఏడుపు వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళు సన్నబడ్డాయి. చివరికి పిల్ల తల భుజం మీద వాలింది. పీపా దగ్గర దాలమ్మ కొంగు నోటికి నొక్కుకుని చూస్తూనే ఉంది.

"నన్ను రాత్రంతా సంపీసినావత్తా" అంది నూకరత్నం, పిల్ల లేవకుండా మెల్లిగా.

"నాకు తెల్దే."

"తెల్దని తెలుసు" అంది కోడలు. ఆ తరవాత ఆ సంగతి ఆమె కోపంతో ఎత్తడం నేను వినలేదు. తవుడిని మాత్రం వదల్లేదు. సాయంత్రం అతను రాగానే, "సేదు మాత్రలు ఇయాల్టి నుంచి మీ యమ్మ మింగుతాది. నువ్వు కాలవ కాడ కాపలా కాయి" అంది. అతను తలొంచుకుని తల్లి చాప పందిరి కిందకి మోశాడు.

నా మీది కాగితం మారింది. ముత్యాలు చేతి మీద సూది గుచ్చి చూస్తే ఉబ్బింది. పురుగు ఒంట్లోకి చేరింది గానీ ఇంకా రోగం కాలేదట. ఏడాది పాటు మాత్రలు రాశారు. ఇంకో ఆరు నెలలు ఆ పక్కలోనే పడుకుని ఉంటే ఏమయ్యేదో నర్సమ్మ చెప్పలేదు, దాలమ్మ అడగలేదు. కానీ పిల్ల మాత్ర మింగే వేళకి పందిరి కిందనుంచి మెడ చాచి చూసేది. "నాలిక సూపించమనే!" అని అరిచేది. చుట్ట పూర్తిగా మానిందని అబద్ధం చెప్పను. రోజుకి రెండుకి దిగింది.

ఆమెకీ తగ్గింది. తగ్గాక ఆమెకీ కఫం రాలేదు. ఒక పొద్దున్న నన్ను మూతి దగ్గర పెట్టుకుని ఆమె అవస్థ పడుతుంటే నూకరత్నం గుమ్మంలో నిలబడి, "పలచగున్నాదేటి అత్తా? కాస్త కలపమంటావా?" అంది. దాలమ్మ నన్ను విసరబోయి ఆగింది. నర్సమ్మ నవ్వు ఆపుకోలేక బుట్ట కింద పెట్టేసింది.

ఇప్పుడు నేను ఆసుపత్రి బీరువా అడుగు అరలో ఉన్నాను. పాత త్రాసు, పగిలిన సీసాలు, నేను. ఒకసారి వాడి తగలబెట్టే ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాక మాతో పని తీరింది. పనికిరాని సామాన్ల కాగితంలో మా పేరు ఎక్కింది, రేపో మాపో కరిగిస్తారు. కరిగించనీ, మళ్ళీ ఏదో ఒకటి అవుతాను. చీకట్లో కూర్చుంటే నాకు ఎక్కువగా కనపడేది మాత్రం ఇంకో ఓడ వచ్చిన రోజు.

దాలమ్మ మాత్రలు పూర్తయిన ఏడే అది. నర్సమ్మ ఒక కొత్త పద్ధతి పెట్టింది. పిల్లల్ని ఎత్తుకునే ముసలివాళ్ళకి అందరికంటే ముందు ఫోటో. ఆ పద్ధతి నడిపించే పని దాలమ్మ తనంతట తనే తీసుకుంది. ఫోటో బండి మెట్టు దగ్గర నిలబడింది. షెడ్డు నీడలో ఒక ముసలావిడ, నోట్లో అడ్డపొగ, ఒళ్ళో మనవడు, దగ్గుతూ కూర్చుని ఉంది.

"ఏమప్పా, నువ్వు రావేటి?" అంది దాలమ్మ.

"నాకెందుకప్పా. నాది సుట్ట దగ్గు."

"నాదీ అదే అన్నాను" అంది దాలమ్మ. "లెగు. గుంటడ్ని నాను సూస్తాను."

ఆవిడ లేచింది గానీ పిల్లాణ్ణి వదల్లేదు, తెలియని మనిషికి ఇవ్వాలా వద్దా అన్నట్టు. దాలమ్మ బొడ్లోంచి మడత పెట్టిన చీటీ తీసింది. కఫం శుభ్రమని డాక్టరుగారు సంతకం చేసిన చీటీ. పిల్లాడి మీద చెయ్యి వెయ్యకుండా ముందు ఆ చీటీని విప్పి ఆవిడ ముందు పట్టుకుంది.

ఇద్దరికీ చదువు రాదు. ఇద్దరూ ఆ చీటీని శ్రద్ధగా, పైనుంచి కిందిదాకా చూశారు. తరవాత ఆ ముసలావిడ మనవణ్ణి దాలమ్మ చేతుల్లో పెట్టి, చుట్ట నేలకేసి ఆర్పి, బండి మెట్టెక్కింది.